బత్తెం గుర్తు

కాటా పక్కన టీకొట్టు కాడ
వచ్చిన కాణ్ణించీ ఇదే ప్రశ్న:
"ఏంది మాలకొండయ్యా, ఫ్రాన్సులో ఏం జూసొచ్చావ్?"

ఓనరుకి కామెర్లు రాబట్టి గానీ
నాకెవురిస్తారు ఇమానం?
బండ మీద నీళ్ళు పోసి
అంతా ఆరినా ఆరని ఒక్క తడిగీతలో
నెర్రె పట్టేది వీడేనని పంపారు.
మూడు దినాలు రాళ్ళ ప్రదర్శనలో
ఎరువు కోటేసుకుని నిలబడ్డా.
నాలుగోనాడు చేతికి పనిలేదు.

ఊరిపేరు స్ట్రాస్‌బూర్గ్.
పలికితే నోట్లో తిరగలి తిరిగినట్టుంటది.

ఏటి పాయల మీద చెక్కబద్దీల ఇళ్ళు.
ఆ అటకల్లో ఒకప్పుడు తోళ్ళు ఆరేసేవాళ్ళంట.
ఇప్పుడు కిటికీకో పూలకుండీ.
నేను నిలబడి గాలి పీల్చి చూశా.
మా తాత చేతులకి
చచ్చేదాకా పోలేదా వాసన.
ఈళ్ళు దేంతో కడిగారో.

నడిబజార్లో చర్చి.
మన బండ కాదు, ఇసకరాయి,
పండీపండని జాంకాయ లోపలి రంగు.
ఒక పక్కే గోపురం లేచింది, రెండో పక్క లేవలా.
వరిమడిలో కొంగ మాదిరి
ఒంటికాలి మీద
ఆరొందల ఏళ్ళు కావస్తందంట.

పన్నెండున్నరకి
గోడంత గడియారంలో బొమ్మలు కదిలినయ్,
కోడి రెక్కలు కొట్టి కూసింది.
జనమంతా ఫోన్లు పైకెత్తారు.
నేను స్తంభం కాడ ఉండా.
వేలి కణుపుతో కొట్టి చూశా, అలవాటు.
మంచి బండైతే మనకాడ కంగుమంటది.
ఇది పొడిగా దగ్గింది,
మన లాజరు దగ్గినట్టే.
కాపలాయన వేలు ఆడించాడు.
చేతులెనక్కి కట్టుకున్నా.

లాజరంటే గుర్తొచ్చింది.
బయల్దేరేటప్పుడు పదిరూపాయల నోటు మడిచి
"పెద్ద చర్చి కనబడితే
మా తమ్ముడి పేరున కొవ్వొత్తి పెట్టన్నా" అన్నాడు.
వాడి తమ్ముడు, క్రేను గొలుసు తెగిన దినం...
మీకు తెలిసిందేలే.
అక్కడ మన నోటు చెల్లదు.
నా చిల్లరేసి వెలిగించా.
నోటు తిరిగిస్తే లాజరు తీసుకోలా.
జేబులోనే ఉంది, టీకి ఇయ్యబుద్ధి కాదు.

మెట్లు మూడొందల ముప్పైరెండు.
గుంతలో దిగి ఎక్కే కాళ్ళకి లెక్కేం కాదు.
సగంలో, ఊపిరి కోసం కాదు,
గోడ చూసి ఆగా.
రాతి మీద చిన్న గీత. చేప ముల్లు మాదిరి.
నాలుగు రాళ్ళవతల మళ్ళీ అదే.
ఇంకో రాతి మీద కొక్కెం, ఇంకొకడిది.
ఎవురూ చెప్పబళ్ళా.
ఎన్ని రాళ్ళు చెక్కాడో లెక్క,
శనివారం బత్తెం కోసం.

కిందికొచ్చి ఆకలేసి రొట్టెల కొట్లోకి పోతే
గల్లాపెట్టె కింద నల్లబండ,
లోపల బంగారు నలుసులు.
ఏ చీకట్లోనైనా పోల్చుకుంటా, రామతీర్థం గుంత.
"ఇది మా ఊరిది" అని చూపించబోయా.
వేలు రొట్టె మీదికి పోయిందనుకుని
ఇంకోటి కట్టిచ్చాడు మారాజు.
వాడు అటు తిరిగినప్పుడు
బండ అడుగు తడిమా.
ఎర్రపెయింటుతో నేనేసే "మా", కింద ఒక గీత,
యాడుంటది?
గ్యాంగ్‌సా పళ్ళ కిందే పోయుంటది.

అదే జూశా ఫ్రాన్సులో. ఇంకేం అడగబాకండి.

ఇంటికొచ్చిన మూడోనాడు
బట్టలుతికే బండ తిరగేసి
ఉలితో చేప ముల్లు గీశా.
వెంగమ్మ సబ్బుచేతులతో వచ్చి
"ఎవురిదయ్యా ఇది?" అంది.
పేరు తెలవదన్నా.
"తెలవనోడిది మన బండ మీదెందుకు?
తిప్పిపెట్టు, పొద్దుగూకతంది."

తిప్పుతా అనుకున్నా,
ఆ శనివారం ఆయన చేతిలో పెట్టారో,
వచ్చే వారం చూద్దామన్నారో.